వెనకింటికి మంచి పెంకులు

చిక్కపేట, బెంగళూరు
1943, మే నెల

మా పాపక్కకు నీ చెల్లెలు భాగీరథి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగుండాము. చింతామణిలో మీరందరూ బాగుండారని తలుస్తా.

అక్కా, కూర్చొని చదువు, నిలబడి చదివితే గంతేస్తావు! నీ చెల్లెలు ఇంటి యజమానురాలయింది. పోయినేడు కొన్నామే ఈ ఇల్లు, దాని వెనక భాగానికి గోడ అడ్డం పెట్టించి, వేరే వాకిలి తీయించినా. బాడుగకిస్తుండాము. యుద్ధం పుణ్యమా అని ఊరంతా జనమే, తల దాచుకునే చోటు కోసం దేవుళ్లాడతా ఉండారు. మా ఇంటాయన "గోడలుండాయి, కప్పుండాది, ఇంకేం కావాల? బీగం చెవులు చేతికిచ్చెయ్" అంటాడు. పెండ్లయినప్పటి నుంచి బాడుగిండ్లలో బతికినదాన్ని, నాకు తెలీదా ఏం కావాలో? మోరీ తవ్వించి, నీళ్లు నిలవకుండా పోతాయా అని బిందెలతో పోసి చూసినా. బావి గిలకకు నూనె పెట్టించినా. గడియ సరిగా పడుతుందా అని నేనే లోపలుండి వేసుకొని, మళ్లీ తీయడానికి రాక కేకలు పెట్టినా! ఆయన నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినపడుంటుంది.

కప్పే తంటా అయింది. వెనక భాగం పెంకులన్నీ పగుళ్లు. కొత్తవి కొందామంటే మంగుళూరు నుంచి సరుకే రాలేదు, రైళ్లన్నీ పటాలానికే. అందుకని పెంకులు కప్పే చిక్కమునియప్పను పిలిచి, మా ముందు భాగం మీది గట్టి పెంకులు వెనక్కి, వెనకవి మా నెత్తి మీదికి మార్పించినా. ఇంటాయనకు చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు! మన ఊళ్లో కమ్మరికీ వడ్రంగికీ కళ్లంలో రాగులు కొలిచి ఏడాదంతా పని చేయించుకుంటాం కదా, అట్లే మాట్లాడుకున్నా. వెనకింట్లో ఎప్పుడు పెంకు జారినా పిలిచిన పూటే నిచ్చెనతో రావాల. "పట్నంలో ఈ పద్ధతి ఎవరూ అడగలేదే తల్లీ" అని తల గోక్కుంటానే ఒప్పుకున్నాడు. రాగులు నువ్వే పంపాల మరి.

వచ్చేది విమానాల కార్ఖానాలో పనిచేసే చంద్రశేఖర్, ఆయన పెండ్లాం జయమ్మ. ఆ పిల్లకు నెలలు నిండినాయి, పుట్టింట్లో తల్లి లేదు. పురుడు మైల అని ఎన్ని ఇండ్లవాళ్లు తలుపులేసినారో! మా ఆయన కూడా "కులపోళ్లేమంటారు, పురుడు ఇంకెక్కడన్నా పోసుకొని రమ్మను" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కా, నీ దగ్గర ఒకటి దాచినా. నా కాన్పు బండిలో ఎందుకయిందని అడిగితే, మీ ఊరికి వస్తావుంటే దారిలో నొప్పులొచ్చినాయన్నా కదా. అబద్ధం. నొప్పులు మొదలైనాకే, అప్పుడు మేముండిన బాడుగింటి యజమానురాలు "నా ఇంట్లో పురుడు కుదరదు" అని నన్ను జోరువానలో బండెక్కించింది. బిడ్డ దక్కలేదు. ఆ బండి వెనకాలే నడిచొచ్చిన మా ఆయన నోట ఈ మాట ఎట్లా వచ్చిందో! అదే అడిగినా. చెప్పులేసుకొని అంగడికి పోయినాడు. నేను మాత్రం జయమ్మను రమ్మని కబురు పెట్టేసినా. ఆ పిల్ల కాన్పు నా ఇంట్లోనే, పొడి నేల మీదే కావాల. ఏమయితే అది కానీ.

నీ భాగీరథి


చిక్కపేట, బెంగళూరు
1943, జూన్ నెల

పాపక్కా,

జయమ్మకు ఆడపిల్ల! తల నిండా జుట్టు, ఏడిస్తే పేట లేస్తుంది!

అయిందేమంటే, సోమవారం మధ్యాహ్నం దబదబా వాన పట్టుకునింది. మా ఆయన అప్పుడే భోజనానికి కూర్చున్నాడు, విస్తట్లోనే పడింది ధార. పైకి చూసినాడు, నన్ను చూసినాడు. "ఏమే, మన పెంకులేవి?" ఇంకేం దాస్తాను, చెప్పేసినా. చిక్కమునియప్పకు కబురు పంపితే "రాగులు వెనకింటి కప్పుకు కదా, వానలో మీ కప్పు నేనెక్కను" అన్నాడంట! చేసుకున్నోళ్లకు చేసుకున్నంత. అన్నం గిన్నె నెత్తిన పెట్టుకొని ఇద్దరం వెనకింటికి పరుగు. జయమ్మ తలుపు తీసి, "రాండమ్మా, లోపల పొడిగా ఉండాది" అని చాప పరిచింది. పరుస్తానే నడుము పట్టుకొని కూలబడిపోయింది. నొప్పులు!

ఆ బండే నా కళ్ల ముందక్కా. తలెత్తి చూస్తే మా ఆయన లేడు. మైలని పారిపోయినాడనుకొని నోటికొచ్చినట్టు తిట్టుకున్నా. కాసేపటికి మంత్రసాని కెంపమ్మకు గొడుగు పట్టి, తాను నిలువునా తడిసిపోయి వచ్చినాడు!

సాయంత్రం చంద్రశేఖర్ కార్ఖానా నుంచి వచ్చి, బిడ్డను చూసుకొని బయటికొచ్చినాడు. చేతులు కట్టుకొని, "పురుడు ఇక్కడే అయిపోయింది, ఎప్పుడు ఖాళీ చేయమంటారప్పా?" అన్నాడు. మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తరువాత, "ఇల్లు బాడుగకిచ్చినాము కదప్పా, ఇంట్లో జరిగేవన్నీ జరగనీ. మాకూ ఒక పాప పుట్టింది. ఇల్లు లేక దారిలోనే పోయింది" అన్నాడు.

ఇన్నేండ్లలో ఆ బిడ్డ మాట ఆయన నోట వినడం ఇదే మొదలు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నా. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకొని, ముందింట్లో నీళ్లు ఎత్తిపోయడానికి పోయినాడు.

నీ చెల్లెలు,
భాగీరథి