ఫౌంటెన్ దేవతకు డోర్తె ముక్కు

ఓడెన్స పట్టణంలో భవనాలకు నమూనాలు గీసి బతికిన లౌరిత్స్ బ్రెడాల్ అనే నేను, ఒంట్లో జ్వరమున్నా బుద్ధి నిలకడగానే ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం అమలు కావలసిన ఏర్పాట్లను ఇందుమూలంగా రాస్తున్నాను. ఈ చలికాలం దాటనని డాక్టర్ హేగెలున్ గారు మొహమాటం లేకుండా చెప్పారు. అంత నిక్కచ్చి మనిషి గనుకనే అమలు బాధ్యత ఆయనకే అప్పగిస్తున్నాను.

1. నా ఇల్లూ, పెరట్లో ఆపిల్ చెట్లూ ఇంటిపని చూసే సీసెల్‌కు సర్వహక్కులతో చెందుతాయి. నేను కేకలేసినప్పుడల్లా "అరవండయ్యగారూ, సూపు చల్లారాక తిందురుగాని" అంటూ తన పని తాను చేసుకుపోయేది. అలాంటి మనిషి దొరకడం నా అదృష్టం.

2. రోమ్ నుంచి తెచ్చిన ప్లాస్టర్ తలలు మా వీధి బడికి. పిల్లలు వాటికి మీసాలు దిద్దితే కొట్టవద్దని మనవి.

3. నా ఉన్నికోటు శిల్పి అస్మస్ టాఫ్ట్‌కు. ఆయన మా అక్కయ్య డోర్తె భర్త. నేను రోమ్‌లో జ్వరంతో పడిపోతే వీపున మోసుకెళ్లి బతికించిన బావ.

4. చేపల బజారులో కట్టదలచిన ఫౌంటెన్‌కు నేను గీసిన చిత్రం: గుండ్రటి తొట్టి, చుట్టూ జలకన్యలు, నడుమ కుండ వంచుతున్న దేవత. చెక్కే బావదీ, గీసే నాదీ సంతకాలు రెండూ ఒకే చిత్రం మీద ఉంటేనే కడతామని పురపాలక సభ ఎప్పుడో తీర్మానించింది. ఆ రెండు సంతకాలూ ఇన్నేళ్లలో కలవలేదు. బావ ఆ దేవతకు చనిపోయిన అక్కయ్య ముఖం పెట్టేవాడు, ఆ చప్పిడి ముక్కుతో సహా. నేను పెన్సిల్ గీతలు చెరిపే మెత్తటి రొట్టెముక్కతో దాన్ని తుడిచేసి, నుదుటి నుంచి తిన్నగా దిగే గ్రీకు ముక్కు గీసేవాణ్ణి. అక్కడ కాగితం పల్చబడిపోయింది. "ఒరేయ్, ఆ ముక్కుతో తుమ్మడం కూడా చేతకాదురా! మీ అక్క తుమ్మితే వీధి వీధంతా ఉలిక్కిపడేది" అని బావ ఎగతాళి చేసేవాడు. దేవతలకు ఊరివాళ్ల పోలికలు కూడవని నేను శాస్త్రం చెప్పేవాణ్ణి.

ఆ శాస్త్రం ఒట్టి సాకు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కయ్యే. రోజూ ఆ బజారు మీదుగానే నేను పనికి వెళ్లేవాణ్ణి. అక్కడ ఆమె రాయై నిలబడి ఉంటే, చూస్తూ దాటిపోవడం నావల్ల అయ్యేది కాదు. ఆ మాట నోరు విప్పి చెప్పలేక ముక్కు మీద పెట్టి పోట్లాడాను. బావ మాత్రం ఏ ఆదివారమూ నన్ను భోజనానికి పిలవడం మానలేదు. ముల్లులేని చేపముక్క నాకే వడ్డించేవాడు. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కనుక ఆ చిత్రం బావకే చెందుతుంది. దేవత ముఖం ఖాళీగా వదిలి, కింద చెప్పిన సాక్షుల ఎదుట దాని మీద ఈరోజే సంతకం చేశాను. పక్కన నీ సంతకం కూడా పెట్టి, అక్కయ్యను చెక్కు బావా. నేనిక ఆ దారిన రాను.

ఓడెన్స, 1811 నవంబరు 19
(సంతకం) లౌరిత్స్ బ్రెడాల్

సాక్షులు:
ఎస్బెన్ క్రాగ్, రొట్టెల దుకాణదారు
జొహానె లింద్, పొరుగింటావిడ