మీ తమ్ముడు అమ్మిన కార్డు

ఇంటావిడకు,

నేనూ అమ్మాయీ కులాసాగానే ఉన్నాం. ఓడ ఊపుకు నీ కడుపులో తిప్పడం తగ్గిందనీ, నర్సువైన నువ్వే మందులు మింగాల్సిన గతి పట్టలేదనీ తలుస్తున్నాను. సామాన్ల పడవ ఆలస్యమైందట, నీ ఉత్తరం మొన్ననే అందింది.

వంటింటి కుళాయికి వాషర్ మార్చాను, ఇప్పుడు కారడం లేదు. అమ్మాయి పళ్ళు సరిచేసే తీగ వచ్చే నెల తీసేస్తారు. కంప్యూటర్ ఆటల ముందు కూర్చుని తిండి మానేస్తున్నావా అని అడిగావు. లేదు. షిఫ్టు దిగాక గంటన్నర, అంతే. కొత్తగా వచ్చిన కార్ల పందేల ఆట కొననే లేదు. దాని ధరకు నీకు రెండు జతల బూట్లు వస్తాయి. పైగా సగం ఉడికిన ఆట. కొన్నవాళ్ళే ఆడి తప్పులు పట్టి పంపితే వాళ్ళు తీరిగ్గా సరిచేస్తారట. నేను లేత్ మీద సగం తిప్పిన షాఫ్టు ఇచ్చి, మిగతాది వచ్చే నెల తిప్పుతానంటే మా ఫోర్‌మన్ ఊరుకుంటాడా? ఆట బొమ్మల్ని తెర మీద గీసే గ్రాఫిక్స్ కార్డుల కంపెనీలూ అంతే. పేరు చివర అంకె మార్చి ధర పెంచుతారు. సెకనుకు నూట ఇరవై ఫ్రేములంటారు, అంటే తెర మీద బొమ్మ అన్నిసార్లు మారుతుందన్నమాట. తీరా చూస్తే అందులో సగం, కార్డు తనంతట తానే ఊహించి మధ్యలో దూర్చినవే. ఎవరి లెక్క మీదా నాకు నమ్మకం లేదు. మన పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ దగ్గర రీళ్ళు లెక్కపెట్టానని నువ్వు ఇప్పటికీ దెప్పుతావు కదా.

ఇక నీ చివరి ప్రశ్న. మీ తమ్ముడు రాసిన ఉత్తరంలో బావ ఊసే లేదు, ఏమైందని. "ఏమీ లేదు" అని రెండుసార్లు రాసి రెండుసార్లూ చించేశాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. తిట్టుకుంటూనే చదువు.

నువ్వు ఓడెక్కిన నెలకు వాడి కంప్యూటర్ల కొట్లో సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. ఇళ్ళ ప్లాన్లు గీసే ఒకావిడ వాడిందని చెప్పి, వాడే ఇంటికొచ్చి బిగించి వెళ్ళాడు. నా పాత కార్ల ఆట తొంభై ఫ్రేముల దగ్గర వెన్నలా నడిచింది. బయట వాకబు చేస్తే అదే కార్డుకు ఒకటిన్నర రెట్లు చెప్పారు. నా బుర్రలో పురుగు దొలవడం అప్పుడే మొదలైంది. ఇంత చవగ్గా ఎందుకిచ్చాడు?

మూడో వారంలో ఆట ఉన్నట్టుండి కుంటింది. తొంభై పోయి పద్దెనిమిది. మలుపు తిప్పేలోపు కారు గోడలో ఉంటోంది. మూత తీసి చూస్తే కార్డు ఫ్యాన్లు తిరగడం లేదు. స్క్రూల తలల మీద గీతలున్నాయి. ముప్పై ఏళ్ళుగా స్క్రూలతో బతుకుతున్నవాణ్ణి, ఎవరో విప్పారని ఇట్టే తెలిసిపోయింది. డిజిటల్ నాణేల కోసం రేయింబవళ్ళు కార్డుల్ని అరగదీసే షెడ్లు ఉంటాయి. అక్కడ పిండేసిన పిప్పిని నాకు అంటగట్టాడని తీర్మానించుకున్నాను. ఆ తర్వాత ప్రతిదీ సాక్ష్యంలాగే కనిపించింది. ఫోను ఆలస్యంగా ఎత్తితే మొహం చాటేస్తున్నాడనుకున్నాను. వచ్చి చూస్తానంటే ఏదో మాయ చేసి పోతాడని వద్దన్నాను. మావయ్యను ఒకసారి చూడనివ్వమని అమ్మాయి అడిగితే, వాడిచ్చిన హెడ్‌ఫోన్లకు పడిపోయి వాడికి వంత పాడుతోందని దాన్నీ అనుమానించాను.

ఒక శనివారం కార్డు పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. నలుగురైదుగురున్నారు. స్కూలుకు ఇరవై కంప్యూటర్లు కావాలని వచ్చిన హెడ్మిస్ట్రెస్ కూడా ఉంది.

"అక్క లేదు కదా అని చచ్చిన సరుకు నాకు అంటగట్టావా?" అన్నాను.

"లోపలికి రా బావా, మాట్లాడుకుందాం."

"లోపలెందుకు? ఇంకెంతమందికి ఇలా అమ్మావో ఇక్కడే చెప్పు."

వాడు గల్లా తెరిచి నా డబ్బు నాకిచ్చి, కార్డునూ నావైపే తోశాడు. హెడ్మిస్ట్రెస్ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. అది కళ్ళారా చూసి కూడా, దొంగ దొరికాడు కాబట్టే డబ్బిచ్చాడని అనుకున్నాను.

సోమవారం వాడి తప్పును రాతలో తీసుకుందామని, వేరే వీధిలో రిపేర్లు చేసే ఒకమ్మాయి దగ్గరికి వెళ్ళాను. తన మెషిన్లో పెట్టి గంటసేపు నడిపింది. తొంభై రెండు. కార్డు నిక్షేపంలా ఉందనీ, ఈమధ్యే ఎవరో విప్పి, వేడి లాగే పేస్టు ఖరీదైనది పూసి బిగించారనీ చెప్పింది. తర్వాత మెల్లగా అడిగింది, "మానిటర్ వైరు దేనికి పెట్టారండీ?"

కంప్యూటర్‌కే పెట్టానని విసుక్కున్నాను. ఇంటికొచ్చి కార్డు మళ్ళీ బిగించి, వెనక్కి వంగి చూశాను. గోడకు చెమ్మ వస్తోందని మధ్యలో ఒకరోజు బల్ల జరిపాను. అప్పుడు వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టింది నేనే. వెనక ఒకేలాంటి సాకెట్లు రెండున్నాయి, పైది కంప్యూటర్ సొంత మదర్‌బోర్డుది, కిందిది కార్డుది. వైరు పైదానికి పెట్టాను. పాపం ఆ కార్డు ఇన్నాళ్ళూ పనిలేక కూర్చుంది, అందుకే ఫ్యాన్లూ తిరగలేదు. కిందికి మార్చాను. తొంభై వచ్చింది. ఆట ఆడబుద్ధి కాలేదు. కంప్యూటర్ ఆపేసి, మీ తమ్ముడు తిరిగిచ్చిన డబ్బు తీసి పక్కన పెట్టాను.

మర్నాడు డబ్బు పట్టుకుని వెళ్ళి, తప్పంతా నాదేనన్నాను. వాడు చేతిలో పని ఆపలేదు. "అనుమానం నీకు అందరి మీదా వస్తుంది బావా. కానీ నలుగురి ముందు కాకుండా ఇంట్లో అడగాల్సింది" అన్నాడు. డబ్బు ముట్టుకోలేదు. స్కూలు ఆర్డరు చెయ్యిజారిపోయిందని పక్క జెరాక్సు షాపాయన చెబితే తెలిసింది.

నెలపైగా వెనకాడి, నీ ఉత్తరం చూశాక నిన్న సెలవు పెట్టి ఆ స్కూలుకు వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గది బయట రెండు గంటలు కూర్చున్నాను. వైరు సంగతి, నా నోటి సంగతి, అంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "మిమ్మల్ని ఆయనే పంపించారా?" అని అడిగింది. కాదన్నాను. ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

అక్కడి నుంచి నేరుగా కొట్టుకు వెళ్ళి ఆవిడ నమ్మలేదన్న మాట కూడా దాచకుండా చెప్పాను. మీ తమ్ముడు నావైపు చూడకుండానే అంతా విన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచాడు.

"వైరు కింది సాకెట్‌కే పెట్టావా?"

పెట్టానన్నాను.

"నీ మాట నేను నమ్మను. ఆదివారం వచ్చి చూస్తాను."

రమ్మన్నాను.

ఇట్లు,
నీ చేత చీవాట్లు తినడానికి సిద్ధంగా ఉన్న
మీ ఆయన