సుశీల కుట్టాల్సిన పట్టు రజాయి

2009 ఫిబ్రవరి 3, మంగళవారం

చలి. కారు అద్దం మీది మంచు గీకి, కుట్టు షాపు తెరిచాను. పక్కన టీ కొట్టు మిసెస్ లిన్ ఎర్ర పట్టు రజాయి తెచ్చింది. కూతురు మేయ్ పెళ్లి సారెలోది. పైగుడ్డ నిండా ఆడుకునే పిల్లల బొమ్మలు. అంచులు కుట్టాలి. మీరు కాదు, ఇంట్లో మీ ఆవిడ సుశీల చేత కుట్టించండి అంది. షాపు బోర్డు మీద ఇంకా సుశీల పేరే. ఎలా ఉందని ఎవరడిగినా బాగుంది అంటాను... తలూపాను.

ఫిబ్రవరి 5

ఇంట్లో కుట్టాను. పట్టు చేతిలో నిలవదు, జారిపోతుంది. దారం మధ్యలో తెగకూడదంది మిసెస్ లిన్. తెగలేదు. సుశీల కుడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న పని ఇది. బాగా వచ్చింది — చూపించడానికి ఎవరూ లేరు.

ఫిబ్రవరి 9

వాన. అబ్బాయి ఫోన్ లేదు, అమ్మాయిదీ లేదు. బేరాలూ లేవు.

ఫిబ్రవరి 12, గురువారం

మిసెస్ లిన్‌కి రజాయి ఇచ్చాను. కుట్టు చూసి మురిసిపోయింది. టీ పోసి కూర్చోబెట్టింది. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఊరు. పట్టుదారం ఎంత పొడుగో కాపురం అంత పొడుగని నమ్మకం. అందుకే పెళ్లి రజాయి భర్తా, కొడుకూ, కూతురూ ఉన్న ఆడమనిషే కుట్టాలట.

"నేను పనికిరాను. మేయ్ వాళ్ళ నాన్న పోయాడుగా."

మనం ముత్తయిదువ చెయ్యి అంటామే, అదే. టీ కప్పు కింద పెట్టాను.

రేపు, పెళ్లి ముందురోజు, పెళ్లిపక్క కూడా సుశీలే పరవాలట. తీసుకురమ్మంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ కనబడలేదు, మీరేమైనా దాచిపెట్టారా మిస్టర్ రావ్, అని నవ్వింది. నేనూ నవ్వాను.

నిజం చెబితే ఆ రజాయి సారెలోంచి తీసేస్తుంది. చెప్పకపోతే... రేపు ఎవర్ని తీసుకెళ్ళను?

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఎండ. వాళ్ళింటికి ఒక్కణ్ణే వెళ్ళాను. నా వెనకాల చూసింది.

"సుశీల లేదు. పోయి మూడేళ్ళు."

ఈ దేశంలో ఆ మాట బయటికి అనడం ఇదే మొదలు. ఆవిడ కుర్చీలో కూలబడింది. మరి కుట్టిందెవరు అంది. నేనే అన్నాను. అంచు వెంట వేలితో మెల్లగా తడిమింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

లోపల్నించి మేయ్ కేక. సుశీల వచ్చిందా అని అడుగుతున్నట్టుంది. మిసెస్ లిన్ నన్ను చూస్తూ వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో తెలియదు. అడగలేదు.

రజాయి తీసి, రెండు కొసలు నా చేతికిచ్చింది. రెండు తను పట్టుకుంది. ఇద్దరం పరిచాం.

రేపు పెళ్లికి రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. నల్ల కోటు బయటికి తీశాను. ఇస్త్రీ చేశాను.