సోమయాజులుగారు ఎటువైపు చూడాలి

నాచారం,
ఆదివారం ఉదయం

అక్కయ్య రాజేశ్వరమ్మగారికి తమ్ముడు కోటేశ్వరరావు నమస్కరించి రాస్తున్నది.

నేనిక్కడ తిండికీ నిద్రకీ లోటు లేకుండా ఉన్నాను. నువ్వూ బావగారూ పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి ఏమైంది? నూనె రాసుకుంటున్నావా, లేక సీసా అలమరలో పెట్టి దానికే నమస్కారం చేస్తున్నావా? బావగారి దగ్గు తగ్గిందో లేదో ఆయన్ని అడగకు, "నాకేం" అంటారు. నువ్వే విని రాయి.

నీ ఉత్తరం అందింది. మిల్లులో లెక్కలు రాసే కుర్చీ ఖాళీగా ఉందనీ, నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలనీ బావగారు అన్నారట. నేను ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ ప్రెస్సు యజమాని మల్లేశం నన్ను తీసుకున్నప్పుడే "ఒక నెల సూద్దాం అన్నా, నీకు మేం నచ్చాలె, మాకు నువ్వు నచ్చాలె" అన్నాడు. పెళ్ళిచూపుల్లాంటి ఉద్యోగం. అవతలివాళ్ళు ఏమంటారో తెలియకుండా నీకేం రాయను?

ముందు ఇక్కడి సంగతులు చెబుతాను, అసలు సంగతి తర్వాత. నా అలవాటు నీకు తెలిసిందే.

గది బాగానే ఉంది. పొద్దున్నే చలి. మన తెనాలిలో దుప్పటి పెట్టెలోంచి తీసేది ధనుర్మాసంలో, ఇక్కడ దీపావళికే తీయాల్సి వచ్చింది. గాలి ఒక వైపు నుంచి వీస్తే మందుల వాసన, ఇంకో వైపు నుంచి వీస్తే రంగుల వాసన, అన్నీ ఫ్యాక్టరీలే. బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు. పక్కింటావిడ చూసి జాలిపడి "జర సోడా ఉప్పు వెయ్యి అన్నా, మస్తుగ ఉడుకుతది" అంది. వేశాను. ఉడికింది. రుచి సంగతి అడగకు. నీ మరదలు అమ్మాయి పురిటికని బాపట్లలో ఉండిపోయింది గనుక నా వంట నేనే తింటున్నాను, ఇంకెవరికీ అపకారం లేదు. సాయంత్రాలు మాత్రం కాస్త తోచదు. అప్పుడు ఉప్పల్ దాకా నడిచి వెళ్ళి, వరంగల్ వైపు పోయే బస్సుల్ని చూసి వస్తాను. ఎక్కడికీ వెళ్ళక్కరలేనివాడు బస్సుల్ని చూడడంలో ఒక సుఖం ఉంది.

ఇక ప్రెస్సు. కింద అచ్చువేసే ఆఫ్‌సెట్ మెషీన్, పైన చల్లని గది. ఆ చల్లదనం మనుషులకి కాదు, కంప్యూటర్‌కి. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు బయట వదలాలి. కింద మెషీన్ దగ్గర పనిచేసేవాళ్ళు చెమటలు కక్కుతుంటే పైన అది కదలకుండా గాలి తింటుంటుంది. కంప్యూటర్ మీద పనిచేసే అమ్మాయి పేరు స్వరూప, పీర్జాదిగూడ నుంచి వస్తుంది. నన్ను తాతా అంటుంది. మొదటిరోజు నాకు కోపం వచ్చింది, ఇప్పుడు అలవాటైంది.

మన కొట్లో ఫోటో దిద్దాలంటే ఏం చేసేవాణ్ణో నువ్వు చూశావు కదా. సన్న కుంచె, తెల్ల రంగు, బ్లేడు, భూతద్దం. పెళ్ళికొడుకు మేనమామ తల వెనక కరెంటు తీగ ఉంటే దాన్ని మాయం చేయడానికి ఒక పూట పట్టేది. స్వరూప ఆ తీగని, నేను ముక్కుపొడుం పీల్చి మూత పెట్టేలోగా తీసేసింది. ఫోటోని ఒక గాజుపెట్టె మీద బోర్లా పడుకోబెడితే లోపల దీపం నడుచుకుంటూ పోతుంది, ఫోటో తెర మీదకి వచ్చేస్తుంది. తర్వాత దాన్ని పెంచు, కుదించు, తిప్పు, తుడువు. నీ ఇష్టం.

తెనాలిలో బియ్యం వర్తకుడొకాయన సైకిలు పక్కన నిలబడిన ఫోటో తెచ్చి, సైకిలుని స్కూటరుగా మార్చమన్నాడు, గుర్తుందా? మార్చాను. ఆయన ఆ ఫోటో వియ్యాలవారికి చూపించాడు. వాళ్ళు వచ్చి స్కూటరేదని అడిగితే పాపం కొనాల్సి వచ్చింది. ఇప్పుడైతే స్వరూప కారే పెట్టేసేది, ఆయన దివాలా తీసేవాడు.

పని అంత త్వరగా అయిపోతుంటే నేనెందుకని నీకు అనుమానం రావచ్చు. మల్లేశానికీ వచ్చింది. నేను చేసేది పేజీ అమర్చడం. ఫోటో ఎక్కడ, అక్షరాలు ఎక్కడ, ఖాళీ ఎక్కడ అన్నది. స్వరూప దగ్గర అక్షరాల రకాలు బోలెడు ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకే పేజీలో పెట్టేది. "అమ్మాయ్, ఇది పేజీయా, పేరంటమా?" అన్నాను. నవ్వి రెండు రకాలకి వచ్చింది. మనిషి ఫోటో కత్తిరించేటప్పుడు మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా కత్తిరించకూడదు, చెయ్యి తెగిపడినట్టు ఉంటుంది. సిరా కాగితంలో ఇంకి పరుచుకుంటుంది గనుక, తెర మీద ఫోటో కాస్త తెల్లగా కనిపిస్తేనే అచ్చులో సరిగ్గా వస్తుంది. తెర మీద అందంగా ఉందని వదిలేస్తే పెళ్ళికూతురు బొగ్గుల కొట్లోంచి వచ్చినట్టు వస్తుంది. ఇవన్నీ చెబుతుంటే ఆ పిల్ల శ్రద్ధగా వినేది. ఇంకొకటి కూడా చెప్పాను. ఫోటోలో మనిషి ముఖం పుస్తకంలోకి చూడాలి, బయటికి చూడకూడదు. బయటికి చూస్తే చదివేవాడి కళ్ళు కూడా ఆయనతోపాటే పేజీ దాటి వెళ్ళిపోతాయి.

అక్కడే వచ్చింది తంటా.

ఏఎస్ రావు నగర్ దగ్గర సోమయాజులుగారని మనవైపు నుంచే వచ్చి స్థిరపడిన ఇంజనీరు ఉన్నారు. ఉద్యోగం విరమించారు. ఆయన షష్టిపూర్తికి కొడుకులు చిన్న పుస్తకం వేయిస్తున్నారు. తెరవగానే ఎడమపేజీలో ఆయన ఫోటో, కుడిపేజీ నుంచి పెద్దకొడుకు రాసిన వ్యాసం. ఫోటో బ్రహ్మాండంగా ఉంది. ఏదో వ్రతంనాడు తీసింది, పట్టుపంచె, ఉత్తరీయం, జంధ్యం, విభూతి. కానీ ఆయన చూపు ఎడమవైపుకి, అంటే పుస్తకం బయటికి. స్వరూపతో "ముఖం లోపలికి తిప్పాలమ్మాయ్" అన్నాను. "అంతేనా తాతా?" అని ఒక్క నొక్కు నొక్కింది. సోమయాజులుగారు అద్దంలో బొమ్మలా మొత్తం ఇటు తిరిగిపోయారు. పేజీ ఎంత నిండుగా కుదిరిందో! నేను ముఖమే చూశాను అక్కయ్యా. మన ఇళ్ళల్లో జంధ్యం రోజూ వేసుకునే అలవాటు లేదు, నా కన్ను అక్కడ ఆగలేదు. ఫిల్మ్ తీశారు, దాంతో మెషీన్ మీద బిగించే ప్లేటు చేశారు.

మర్నాడు, మెషీన్ ఎక్కించే ముందు నమూనా చూడడానికి కొడుకులు తీరికలేక తల్లిని పంపారు. విశాలాక్షమ్మగారు. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి,

"ఇదేమిటండీ, ఈయన గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఇలాగే ఉంటారు" అంది.

నేను ముసిముసిగా నవ్వబోయాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది.

"అయ్యో రాత! జంధ్యం కుడి భుజం మీదుందేమిటి? షష్టిపూర్తికని ఇస్తే మనిషిని తద్దినానికి కూర్చోబెట్టారు కదయ్యా!"

అప్పుడు తెలిసింది. ఎడమ భుజం మీద ఉండాల్సిన జంధ్యం కుడి భుజానికి మారేది పితృకార్యంలోనే. శుభమా అని వేయించుకునే పుస్తకంలో, తెరవగానే అది. నాకు చెమట పట్టింది, ఆ చల్లగదిలో.

మల్లేశం పైకి వచ్చాడు. "ఏందే కోటన్నా ఇది? ఎవరు తిప్పమన్నరు?"

"నేనే తిప్పమన్నాను" అన్నాను.

"నొక్కింది నేను సార్. తాతను ఏమనకుర్రి" అంది స్వరూప.

"మంచిగున్నది! ఇద్దరు కలిసి పెద్దమనిషిని ఆ దిక్కుకు తోలిన్రు." అని నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "కంప్యూటర్ కొన్నదే పని ఆగొద్దని. గీ రూల్స్ తోని ఉన్న ఫిల్మ్ గూడ పోయె. నెలాఖరుకు కూసోని మాట్లాడుదాం అన్నా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మిల్లు కుర్చీ కళ్ళముందు కదిలింది. బావగారికి అవునని రాసేద్దామనే అనుకున్నాను.

కానీ ముందు సోమయాజులుగారిని బాగుచేయాలి కదా. స్వరూప, "తల ఒక్కటే తిప్పి, కింద పాతదే ఉంచుత" అంది. కుదరదన్నాను. వెలుగు ముక్కుకి ఒక పక్క, భుజానికి ఇంకో పక్క పడుతుంది, ఇద్దరు మనుషుల్ని అతికినట్టు ఉంటుంది. "పోనీ జంధ్యం తుడిచేసి మళ్ళ ఈ దిక్కు గీస్త."

"తుడిచేస్తావా!" అని విశాలాక్షమ్మగారు లేచి నిలబడ్డారు. ఆ ప్రస్తావన అంతటితో ఆగింది.

ఫోటో ఉన్నది ఉన్నట్టు పెట్టి, ఆయన్ని కుడిపేజీకి జరిపితే సరిపోతుంది, అప్పుడు లోపలికే చూస్తారు. కానీ కొడుకు వ్యాసం పేజీ తర్వాత పేజీ సాగుతుంది. దాన్ని ఎడమపేజీలో మొదలుపెడితే మధ్యలో తండ్రి అడ్డం పడతాడు. వ్యాసం ఆయన వెనకపేజీలో మొదలవ్వాలి, ఆయన ఎదుట ఒక పేజీలో ముగిసేది ఏదైనా కావాలి. ఇదంతా ఆవిడకి చెప్పాను.

ఆవిడ నమూనా కాగితాలన్నీ మొదటినుంచి తిరగేసింది. తర్వాత, "ఆ పేజీలో ఏం పెట్టినా ఫరవాలేదా?" అంది.

"ఫరవాలేదమ్మా. ఆయన చూడదగ్గది అయితే చాలు."

"షష్టిపూర్తంటే మళ్ళీ పెళ్ళే కదండీ. పుస్తకమంతా తిరగేశాను. పెళ్ళికూతురు ఎక్కడా లేదు."

మల్లేశం, స్వరూప, నేను ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అక్కయ్యా, ఆ పుస్తకంలో ప్రతి పేజీ నేను కొలిచి అమర్చాను. ఈ సంగతి నాకు తట్టనే లేదు.

ఆవిడ ఇంటికి వెళ్ళి ఒక పాత ఫోటో తెచ్చింది. చెల్లెలి పెళ్ళిలో తీసిన గుంపు ఫోటో. అందులో ఆవిడ అంచున నిలబడి కుడివైపుకి చూస్తోంది, మనకి కావలసిన వైపే. అయితే ఫోటో వెలిసిపోయింది, మడత పడి, ఆ మడత సరిగ్గా ఆవిడ బుగ్గ మీదుగా పోయింది. స్వరూప ఆవిణ్ణి గుంపులోంచి వేరుచేసి పెద్దది చేసింది. నేను పక్కన కూర్చుని, నలుపు ఎక్కడ పెంచాలో, వెనక ఎవరి మోచెయ్యి తీసేయాలో చెబుతూ వచ్చాను. మడత పక్కనున్న చర్మం తెచ్చి మడత మీద కప్పితే బుగ్గ పింగాణీ బొమ్మలా నున్నగా అయింది. "కాస్త గరుకు కలుపు" అన్నాను. కలిపింది. మధ్యలో కరెంటు పోయి చేసిందంతా పోయింది. మళ్ళీ చేసింది. ఆ ఊపులో పెదవి పక్కనున్న ఇంకో గీత మీదకి కూడా వెళ్ళబోయింది.

"ఆగాగు. అది ఫోటోది కాదమ్మా, నాది" అంది విశాలాక్షమ్మగారు. "చిన్నప్పట్నించీ నవ్వితే అలాగే పడుతుంది."

ఆ గీత ఉంచేశాం. ఆ ముఖానికి ప్రాణం ఆ గీతలోనే ఉంది.

నిన్న షష్టిపూర్తి. పుస్తకాలు అందించడానికి మల్లేశం తన స్కూటరు మీద నన్ను కూడా తీసుకువెళ్ళాడు. సోమయాజులుగారు పీటల మీదనుంచి లేచి వచ్చి పుస్తకం తెరిచారు. ఎడమపేజీ చూశారు. చూస్తూనే ఉన్నారు. పక్కన ఎవరో పలకరిస్తే కూడా వినిపించుకోలేదు.

"విశాలా, ఇదెక్కడిది?" అన్నారు చివరికి.

"మా చెల్లెలి పెళ్ళిలోది. ఆ రోజు మీరు భోజనాల దగ్గర పప్పులో ఉప్పు లేదని గొడవ పెట్టుకుంటున్నారు, నన్నెక్కడ చూశారు? ఇవాళ పుస్తకంలోనన్నా నావైపు చూస్తున్నారు, చాలు" అంది ఆవిడ.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, పుస్తకం మూయకుండా చేతిలోనే పట్టుకుని వెళ్ళి మళ్ళీ పీటల మీద కూర్చున్నారు. పురోహితుడు పక్కన పెట్టమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కూడా మల్లేశం స్కూటరు వెనకే కూర్చున్నాను. నాచారం వచ్చాక, స్కూటరు ఆపకుండానే, "కోటన్నా, ఇంట్లవాళ్ళని ఎప్పుడు తోలుకొస్తవ్?" అన్నాడు.

"నెలాఖరుకి మాట్లాడుకుందామన్నావు కదయ్యా."

"గదే మాట్లాడుతున్న. నీళ్ళు మంచిగొచ్చే గల్లీల ఇల్లు నేను సూస్త, ఫికర్ చెయ్యకు. గని ఇగ నన్నడగకుండ ఎవ్వర్నీ తిప్పకు."

తిప్పనన్నాను.

కాబట్టి అక్కయ్యా, మిల్లు కుర్చీలో వేరే ఎవరినైనా కూర్చోబెట్టమని బావగారితో చెప్పు. నా కోసం ఆపినందుకు ఆయనకి నమస్కారాలు చెప్పు. నీ మరదలికి విడిగా రాస్తున్నాను. పురుడు కాగానే తనని ఇక్కడికి పంపించే ఏర్పాటు మీరే చూడాలి. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే గోంగూర పచ్చడి ఒక జాడీ, కొట్లో ఉన్న నా భూతద్దం ఇచ్చి పంపు. ఇవి రెండూ ఇక్కడ దొరక్క కాదు, దొరికినవి నాకు నచ్చడం లేదు.

నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకి తింటున్నాను, మందులు వేసుకుంటున్నాను. పెద్దత్తయ్యకి పాదాభివందనాలు, పిల్లలకి ముద్దులు. పెద్దదానివి, నాలుగు అక్షింతలు అక్కడి నుంచే నా మీద వేసినట్టు అనుకో, తల వంచే ఉన్నాను.

ఇక్కడే ఉండబోతున్న నీ తమ్ముడు,
కోటేశ్వరరావు