హెర్లినా పాంగ్‌కెయ్ బ్యాడ్మింటన్ కోర్టు ఎవరికి చెందాలి?

తొమొహోన్ వాస్తవ్యురాలు, లవంగాల వ్యాపారి కీర్తిశేషులు విల్లెమ్ పాంగ్‌కెయ్ కుమార్తె, అవివాహిత, డెబ్బై రెండేళ్ళ హెర్లినా పాంగ్‌కెయ్ అను నేను, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఎడమ మోకాలు తప్ప నాలో అన్నీ సక్రమంగానే పనిచేస్తున్నవి.

1. దీనిని అమలుపరచుటకు సంఘపెద్ద యాంచె వొవోర్‌ను నియమిస్తున్నాను. "చర్చి పక్కన ఆడవాళ్ళ గంతులేంటమ్మా, దేవుడు చూడ్డంలేదనుకున్నారా?" అని ఒకప్పుడు ఊరంతా వినేలా అరిచింది ఈయనే. ఆటకు రావడంతో తన భార్య నడుంనొప్పి తగ్గాక, వల కట్టడానికి అందరికంటే ముందొస్తున్నదీ ఈయనే.

2. చర్చి పక్కనున్న నా స్థలమూ, అందులోని బ్యాడ్మింటన్ కోర్టూ సంఘ స్త్రీల సమాజానికి చెందవలెను. దానిని అమ్మరాదు, అద్దెకివ్వరాదు. "అత్తా, అక్కడ పెళ్ళి హాలు కడితే మన దశ తిరుగుద్ది" అని నా మేనల్లుడు రోలి పోరుతున్నాడు గనుక, ఎందుకు కుదరదో రాయిస్తున్నాను.

ఇరవై ఏళ్ళ వయసులో జకార్తా శిక్షణ శిబిరానికి ఎంపికయ్యాను. సంఘమంతా ప్రార్థన చేసి, పందిని కాల్చి విందు పెట్టింది. బయల్దేరే ముందు ఆడిన పోటీలో షటిల్ కోసం ఎగిరాను. దిగేసరికి మోకాలు పుటుక్కుమంది. నా బదులు మా సంఘంలోని మెయితి లుమింతాంగ్ వెళ్ళింది. ఆ తర్వాత చర్చిలో కూర్చున్నానే గాని నోరు విప్పి ఒక్క పాట పాడలేదు. దేవుడితో మాటలు బంద్.

మరుసటి ఏడాది మెయితి ఓడి తిరిగొచ్చి, గది తలుపేసుకుని కూర్చుంది. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. కుంటుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను.

"ఏమే, నేను పరిగెత్తలేను, నువ్వు తలెత్తలేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషంత అవుతాం, రా" అన్నాను.

"నీకు బొత్తిగా సిగ్గులేదే హెర్లినా" అంటూనే చెప్పులేసుకుంది.

చర్చి పక్కన మా స్థలంలో వల కట్టాం. వల దగ్గర నేను, వెనక పరిగెత్తడానికి అది. చూసి నవ్వడానికి వచ్చినవాళ్ళు ఆడటానికి ఉండిపోయారు. భర్త పోయినవాళ్ళు, సంతలో చేపలమ్మేవాళ్ళు, కోడళ్ళతో పడనివాళ్ళు సోమవారం సాయంత్రం కోసం ఎదురుచూడసాగారు. ఆటకు ముందు ప్రార్థన ఉండేది. "ప్రభువా, మెయితికి చూపునివ్వు" అని నేనంటే, "ప్రభువా, హెర్లినాకు నిజం చెప్పే నోరివ్వు" అని అది. దేవుడికీ నాకూ రాజీ కుదిరింది అక్కడే.

3. కొండమీది లవంగాల తోట రోలికి చెందును. పెళ్ళి హాలు అందులో కట్టుకోవచ్చు. పెళ్ళివారిని కొండెక్కించే పూచీ అతనిదే.

4. నా ఊలు శాలువా మెయితికి. ఆటయ్యాక చెమట ఆరేలోగా దానికి నేనే కప్పేదాన్ని. ఇకమీదట తనే గుర్తుపెట్టుకుని కప్పుకోవలెను. ఈస్టరు పోటీలో తను అవుటన్న ఆ షటిల్ మాత్రం గీత మీదే పడింది. ఇది చట్టబద్ధమైన పత్రం, ఇందులోనూ అదే మాట.

5. నా రాకెట్టు చెల్లెలి కూతురు ఫెమ్మికి. సముద్రంలో భర్త పోయినప్పటినుంచీ ఆ పిల్ల ఎవరితోనూ కలవడంలేదు. మొన్న నాకు జావ తెచ్చి కోర్టు పక్కన నిలబడితే, షటిల్ ఒకటి ఎగిరొచ్చి ఆ గిన్నెలోనే పడింది. "అయ్యో పెద్దమ్మా, ఇదేం కూరగాయ?" అంటూ పకపకా నవ్వింది. నవ్వానని తెలిసి తనే బిత్తరపోయింది.

ఫెమ్మీ, ఆడటం రాకపోతే ఆ రాకెట్టుతో దోమల్ని కొట్టుకో. కాకపోతే సోమవారం దోమలన్నీ కోర్టులోనే ఉంటాయి.

తొమొహోన్, 14 ఆగస్టు 2018

(సంతకం) హెర్లినా పాంగ్‌కెయ్

సాక్షులు:
పాస్టరు ఎబెన్ కలంగి
లిన్‌చె సువోత్, చేపల వ్యాపారి