వాకిలి పైన నల్లరాయి

రేపల్లె,
గురువారం.

దానియేలు అన్నయ్యకు,

పాత కట్టడాల పరిరక్షణ సంఘం అధ్యక్షుడిగా నువ్వు పంపిన ఆహ్వానపత్రిక అందింది. వచ్చే ఆదివారం తెనాలిలో మరమ్మతు చేసిన మన పేట రీడింగ్ రూము ప్రారంభోత్సవానికి నేను రావడం లేదు. ఎందుకో వదినకు ఫోనులో చెప్పబోయి మధ్యలోనే పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మొన్న ఒక్కదాన్నే వచ్చి చూసి వెళ్లాను. వాకిలి పైన మన తాతయ్య సున్నంతో తీర్చిన "అందరూ రావచ్చును" అన్న అక్షరాలు లేవు. వాటి చోట దాతల పేర్లతో నల్లరాయి ఉంది.

తాతయ్యకు చదువు రాదు. పంతులుగారు బొగ్గుతో గీసిస్తే ఆ గీతల మీదే సున్నం మెత్తానని మనిద్దరికీ ఎన్నిసార్లు చూపించి చెప్పాడో నీకు గుర్తులేదా? ఆ అక్షరాల కోసమే కదా, కట్టడం కూల్చొద్దని మూడేళ్లు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను!

మేస్త్రీని అడిగాను.

"రాయి పట్టాలంటే కొట్టక తప్పదమ్మా. ప్రెసిడెంటు గారే దగ్గరుండి కొట్టించారు."

"వేరే గోడే లేదా?"

"వాకిలి మీదైతేనే అందరికీ కనపడుద్దన్నారండి."

చెత్తకుప్పలో వెతికితే ఒక్క అక్షరం విరగకుండా దొరికింది. తెచ్చుకున్నాను.

ఆ రాయి మీద, ఎనిమిదో వరసలో, నా పేరు కూడా చెక్కించావు. ఆదివారం లోపు దాన్ని కొట్టించెయ్యి. నువ్వు దగ్గరుండక్కర్లేదు. మేస్త్రీకి ఆ పని ఇప్పుడు బాగా వచ్చు.

నీ చెల్లెలు