పద్నాలుగో పేరు

ఇబ్రహీంపట్నం,
19 ఏప్రిల్ 2025, శనివారం.

చెల్లె నర్మదకు,

మౌనిక గ్రాఫిక్స్ ఎల్లేశ్ అన్న దీవెనలు. ఇక్కడ నేను, ఇంట్లోవాళ్లు, దుకాణంలో రెండు కంప్యూటర్లు బాగానే ఉన్నాం. ప్రింటర్ ఒక్కటే ఎండలకు తాళలేక కాగితాలు నములుతోంది. హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావనీ, సోమవారం పేపర్ ఇచ్చేదాకా జ్వరాలేవీ తెచ్చుకోవనీ తలుస్తాను.

బస్సు కార్గోలో వేసిన ఈ పెట్టెలో నీ ఆనర్స్ పేపర్ ఉంది. మూడు కాపీలు అడిగావు, ఆరు ఉన్నాయి. కంగారుపడకు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబుదామంటే రెండో మాటకే "సరే అన్నా, ఏం గాదు" అని పెట్టేస్తావు. ఇది అట్లా తేలే మాట కాదు. పద్దెనిమిదేళ్లుగా పెళ్లిపత్రికలు కొట్టి కొట్టి, పెన్ను పట్టుకుంటే నాకు పుస్తకాల తెలుగే వస్తుంది. నవ్వుకుంటే నవ్వుకో.

చుట్టుపక్కల కాలేజీల పిల్లల ప్రాజెక్టులు నా చేతుల మీదుగా పోతాయని నీకు తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. నా కంప్యూటర్లో 'రిఫరెన్స్ ఫైనల్' అనే ఫైలు ఒకటి ఉండేది. అందులో ఇరవై రెండు పుస్తకాల పేర్లు. ఎప్పుడో ఒక సివిల్ బ్యాచ్ వాళ్లు వదిలిపోయినవి. అప్పటి నుంచి ఎవరు వచ్చి "అన్నా, ఆఖర్ల రిఫరెన్సులు జర నువ్వే ఏసెయ్" అన్నా ఆ ఫైలే తెరిచి అతికించేవాణ్ణి. కరెంటు ప్రాజెక్టుకు అదే, కంప్యూటర్ ప్రాజెక్టుకు అదే. సెల్‌ఫోన్ యాప్ మీద రాసిన రిపోర్టు వెనక సిమెంటు పుస్తకాలు కూర్చున్నా, ఇదేందని తిరిగొచ్చి అడిగినవాళ్లు లేరు. చివరి పేజీ అంటే అట్ట చిరగకుండా అడ్డం పెట్టే కాగితమని నేనూ అనుకున్నాను.

ఫిబ్రవరిలో నువ్వు వచ్చావు. తెలుగులో రాసిన పరిశోధన పేపర్ నా దుకాణం మెట్లెక్కడం అదే మొదలు. ఇబ్రహీంపట్నం చుట్టూ చేత్తో తవ్విన బావులు, వాటిని తవ్విన మనుషులు అని పేరు చూసి, బావుల మీద కూడా డిగ్రీ ఇస్తారా అనుకున్నాను. అలవాటుగా రిఫరెన్సులు నేను వేస్తాలే అన్నాను. "నువ్వెట్ల ఏస్తవన్నా? ఎవరి మాట వాళ్లకు అప్పజెప్పాలె గదా" అన్నావు. కోపంగా కూడా అనలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పావు.

ఆ తర్వాత నెల రోజులు నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఎడమవైపు అంచు అంగుళమున్నర, మిగతా మూడు వైపులా అంగుళం. పుస్తకం పేరు వాలు అక్షరాల్లో, వ్యాసం పేరు నిటారుగా. ముందు రాసినవారు, తర్వాత సంవత్సరం, ఆ తర్వాత పేజీ. రెండో వరుస అరంగుళం లోపలికి జరగాలి. ఒకరోజు హయత్‌నగర్ దాకా పోయి, ఎనిమిదో ఫుట్‌నోట్‌లో సంవత్సరం తప్పు వేశావని గుర్తొచ్చి, బస్సు దిగి వెనక్కి వచ్చావు. 1986 కాదు 1968 అన్నావు. ఆ సంవత్సరం మారితే లోకంలో ఎవరికి నష్టమని అడిగాను. ఆ పుస్తకం కోసం వెతుక్కునే మనిషికి నష్టమన్నావు. అట్లా వెతుక్కునే మనిషి ఒకడుంటాడని పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

నీకు బావుల ముచ్చట్లు చెప్పిన ముసలామె బుగ్గమ్మకు ఫోన్ చేసిన రోజు గుర్తుందా? జాబితాలో ఇంటిపేరు ముందు రావాలని నియమం. ఆమె ఇంటిపేరేమిటో అడగమని నేనే సతాయించాను. నువ్వు స్పీకర్ పెట్టావు. "ఏ ఇంటి పేరు బిడ్డా? పుట్టినింటిదా, అత్తింటిదా? రెండిండ్లల్ల నన్ను అడిగినోళ్లు లేరు. ఉత్త బుగ్గమ్మ అని రాయి" అన్నది. అంతటితో ఆగిందా? ఆ బావి పూజ ముచ్చట తనది కాదని, తాను కాపురానికి రాకముందు జరిగిందని, అత్త ఎల్లమ్మ చెబితే విన్నానని అన్నది. "నా పేరు ఎనక రాయి, మా అత్త పేరు ముంగట రాయి. నేను సూడలే" అని ఖరాకండిగా చెప్పింది. నువ్వు నియమాల పుస్తకం తిప్పి, ఒకరి ద్వారా విన్న మాటను ఎట్లా చూపాలో నాకు చదివి వినిపించావు. ముసలమ్మ చెప్పిందే అందులో ఉంది. అక్షరం ముక్క రాని మనిషికి ఆ పద్ధతి ఎవరు నేర్పారా అని ఆ రోజంతా నాకు అదే ఆలోచన.

మనుషుల మాటలు లోపల చెబితే చాలు, చివరి జాబితాలో అచ్చయిన పుస్తకాలే ఉండాలని మీ గైడ్ మేడమ్ అన్నప్పుడు నువ్వు రెండు వారాలు పట్టుబట్టావు. చివరికి 'మాట చెప్పినవారు' అని వేరే జాబితాకు ఒప్పుకున్నారు. ఇరవై మూడు పేర్లు. ఒక్కొక్కరికీ అనుమతి కాగితం ఉండాలి, దాన్ని వాళ్లకు చదివి వినిపించాలి, కింద సంతకమో వేలిముద్రో ఉండాలి. లేకపోతే ఆ పేరు పోతుంది, ఆ మనిషి చెప్పిన మాటంతా పోతుంది. ఇరవై రెండు కాగితాలు దొరికాయి. దొరకనిది పద్నాలుగో పేరుది. నారయ్య, బావుల పనివాడు, రావిర్యాల.

నువ్వు డిగ్రీ మొదటి ఏడాది సెలవుల్లో ఆయన దగ్గర కూర్చుని రాసుకున్నావు. తన కొడుకు చదివి వినిపిస్తేనే వేలిముద్ర వేస్తానని కాగితం దగ్గర పెట్టుకున్నాడట. మళ్లీ పోయేసరికి ఆయన పోయాడు, ఇంటికి తాళం. మొన్న గురువారం నువ్వు నా ముందు కూర్చుని, "కాగితం లేకుంట ఆయన ఒప్పుకున్నడని నేనెట్ల చెప్పాలె అన్నా. తీసెయ్" అన్నావు. ఆయన మాటలే నీ పేపర్‌కు వెన్నెముక అని నాకు తెలుసు. నాలుగు పేజీలు. అవి పోతే తర్వాతి అధ్యాయం గాలిలో నిలబడుతుంది. ఎవరు చూడొచ్చారు, ఉండనీ అని నేను అనబోయాను. నీ ముఖం చూసి మింగేశాను.

నిన్న పొద్దున ఆ నాలుగు పేజీలు తెరిచి, మొదటి నుంచి చివరిదాకా సెలెక్ట్ చేసి, తీసేసే బటన్ మీద వేలు పెట్టాను. అప్పటిదాకా వాటిని చదవలేదు. టైపు చేసేవాళ్లు అక్షరాలు చూస్తారు, మాటలు చూడరు. వీటిని మాత్రం కావాలనే చదవలేదు. తీసేసే ముందు ఒక్కసారి చూద్దామనుకున్నాను.

నర్మదా, నేను ఏం చదివానో ఎట్లా చెప్పను! మొరం దాటినాక మట్టిని చేతిలోకి తీసుకుని వాసన చూసేవాడట. అరికాలికి తగిలే చల్లదనాన్ని బట్టి ఊట ఏ మూల నుంచి వస్తుందో చెప్పేవాడట. "గడ్డపార సప్పుడు ఇనాలె. గణగణ మోగితె ఉత్త బండ. మందంగ ఇనొస్తె కింద తడి ఉన్నట్టు. గిది నా తెలివి గాదు, నా తోటి పనోడు జంగా చెప్పిండు, శేరిగూడ కాడ బాయి తవ్వుతాంటె" అన్నాడు. ప్రతి మాటకూ అంతే. ఇది ఫలానావాడి దగ్గర నేర్చుకున్నది, ఇది ఫలానా బావి దగ్గర నేను కళ్లారా చూసింది, ఇది విన్నదే గాని చూడలేదు అని విడదీసి చెప్పాడు. నువ్వు నెల రోజులు నా ప్రాణం తీసి పెట్టించిన ఫుట్‌నోట్లు ఆయన నోట్లోనే ఉన్నాయి.

ఆ ఆఖరి పేరా దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తాను చూపెట్టిన చోటే ఎనిమిది నిలువుల లోతు తవ్వితే చుక్క నీరు పడలేదని చెప్పాడు. "గది గుడ రాయి బిడ్డా. నేను తప్పు జెప్పిన. గది రాయకుంటె కడమదంత అబద్ధమైతది" అన్నాడు. గెలిచిన బావులు పాతిక పైన ఉన్న మనిషి, ఓడిన బావిని అడిగి మరీ రాయించుకున్నాడు. ఎంత చదువుకుంటే అంత నిజాయితీ వస్తుంది? నా వేలు బటన్ మీద నుంచి దానంతట అదే తప్పుకుంది.

'రిఫరెన్స్ ఫైనల్' ఫైలును అప్పుడే తీసేశాను. ఇవాళ ఇద్దరు స్టూడెంట్లు వస్తే ఎవలు రాసిండ్రు, యాడ సదివినవ్ అని అడిగాను. అన్నకు ఎండదెబ్బ తగిలిందని బయటికిపోయి చెప్పుకున్నారు.

ఇక ఆరు కాపీల సంగతి. నీలం అట్ట మూడు నువ్వు చెప్పినవి. పద్నాలుగో పేరు, నాలుగు పేజీలు తీసేసి, నంబర్లన్నీ సర్ది, ఇరవై రెండు పేర్లతో కట్టాను. మెరూన్ అట్ట మూడింట్లో ఇరవై మూడు పేర్లూ ఉన్నాయి. నాకైతే నువ్వు మెరూన్ అట్టే ఇవ్వాలని ఉంది. కాగితం లేదు కదా అంటావు. దానికి నా దగ్గర జవాబుంది, చేతికి రావడం లేదు. పేపర్ నీది, నువ్వు ఏది ఇచ్చినా అది నీ మాట. నీకంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ణి, అయినా ఈ మాట సిగ్గు లేకుండా చెబుతున్నాను: చివరి పేజీ ఎందుకుంటుందో నాకు నేర్పింది నువ్వే.

పెట్టె అందగానే ఒక్క ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ పేపర్‌ను కట్టిన అన్న,
ఎల్లేశ్.

తా.క.: ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. అసలు మాట రాయకుండా పెట్టె మూస్తే, నీ ఎదుట నిలబడే ముఖం నాకుండదు.

రావిర్యాల నారయ్య మా బాపు.

ఫిబ్రవరిలో నీ జాబితా చూసిన రోజే నాకు తెలుసు. నువ్వు రెండుసార్లు పోయి చూసిన తాళం మా అక్క ఇంటిది, బాపు ఆమె దగ్గరే ఉండేవాడు. బాపు పోయాక వాళ్లు హయత్‌నగర్‌కు మారారు. నువ్వు ఎండలో తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుని నీళ్లు తాగుతుంటే కూడా నేను నోరు విప్పలేదు. నువ్వు వెతికిన కాగితం నా దగ్గరే ఉంది. మెరూన్ అట్టల కింద కవర్లో పెట్టాను.

రెండేళ్ల కింద, నువ్వు ఇచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టుకుని బాపు దుకాణానికి వచ్చాడు. కాలేజీ పిల్లలు నిండా ఉన్నారు. "కొడుకా, గిది జర సదివి ఇనిపియ్యి, ఏలుముద్ర ఏస్త" అన్నాడు. "ఎవరు అన్నా ఈయన?" అని ఒకమ్మాయి నన్ను అడిగింది. పగిలిన ఆ చేతులను, మోకాళ్ల దాకా కట్టిన పంచెను చూసి, గిరాకీ అన్నాను. అక్కడ పెట్టిపో, తర్వాత చూస్తానని బాపుతో అన్నాను. ఆయన విన్నాడు. నా స్టాంపు ప్యాడ్ దగ్గరికి జరుపుకుని, బొటనవేలు అద్ది, కాగితం మీద వేసి పోయాడు. ఆ చలికాలంలోనే దవాఖానలో కన్నుమూశాడు. ఆ నడుమ ఎన్నోసార్లు కలిశాం. ఆయన ఆ కాగితం సంగతి అడగలేదు, నేను ఎత్తలేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా పెరట్లో ఏ చెట్టుందో ఊరిపిల్ల రాసిన పేపర్ చదివితే గాని నాకు తెలియలేదు.

ఆ కాగితం అడుగున రెండు గడులున్నాయి. ఒకటి చదివి వినిపించినవారి పేరు. నేను చదివి వినిపించలేదు. అక్కడ పేరు రాస్తే నీ పేపర్ మొత్తంలో అదొక్కటే అబద్ధమవుతుంది. అందుకే ఖాళీగా వదిలేశాను. అట్లా వదిలితే చెల్లుతుందో లేదో ఈ ఉత్తరం చూపించి మేడమ్‌ను అడుగు. చెల్లదంటే నీలం అట్టలు ఇచ్చెయ్, నేనేమీ అనుకోను. రెండో గడి, వేలిముద్ర వేసినవారికి ఏమవుతారు అన్నది. అందులో మాత్రం ఇవాళ నా చేత్తో 'కొడుకు' అని రాశాను.